హెరాల్డ్ ముందు చక్రం సప్పుడు, మా నాయిన గ్రీజు గన్ను

ఈ వారం మార్కెట్ రేట్లు పెట్టలేదేందని ముగ్గురు నలుగురు ఫోన్ చేశారు. రేపు పెడతా. ఈరోజు బండి ముచ్చట. జర పెద్దగానే ఉంటది, తీరిక చూసుకుని చదవండి. ట్రాక్టర్ ఉన్నోళ్లు మాత్రం మధ్యల ఆపొద్దు, మీకూ పనికొచ్చేది ఉంది.

మా కొట్టంలో ఒక పాత కారు ఉన్నదని బాటసింగారం చుట్టుపక్కల చాలామందికి తెలుసు. స్టాండర్డ్ హెరాల్డ్. 1970 మోడల్, నాలుగు డోర్లది. నాయిన 1981లో మలక్‌పేటలో ఒక రిటైర్డ్ ఆఫీసర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌ల కొన్నాడు. అప్పుడు మా దిక్కు ద్రాక్ష తోటలు. హయత్‌నగర్ దాటితే అనాబ్-ఎ-షాహి పందిళ్లు కనపడేవి. ఒక ఏడు పంటా కలిసొచ్చింది, రేటూ కలిసొచ్చింది. అందరూ బోరు వేయమంటే నాయిన కారు కొన్నాడు. మా అమ్మ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతది. పందిళ్లు పోయాయి, తోటలు ప్లాట్లయ్యాయి, కారు మాత్రం ఉంది.

ఈ కారు గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాత ముచ్చట అర్థం కాదు. ఇంగ్లండ్‌ల ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చింది దీన్ని. మన దగ్గర మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి తయారుచేశారు. నాలుగు డోర్ల హెరాల్డ్ మన దేశంలనే చేశారు, ఇంగ్లండోళ్లకు లేదు. ఇంగ్లండ్‌ల ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టిగ కోసి, ముందు సస్పెన్షన్ ఇదే ఉంచి, 1962లో స్పిట్‌ఫైర్ అని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. లోటస్ ఎలాన్ అనే ఇంకో పేరున్న స్పోర్ట్స్ కారుకు కూడా ముందు చక్రాన్ని మోసే నిలువు ముక్క ట్రయంఫ్‌దే. అంటే మా నాయిన ద్రాక్ష పైసలతో కొన్న కారుకూ ఆ స్పోర్ట్స్ కార్లకూ ముందు కాళ్లు ఒకటే. ఈ సంగతి మాకు నిరుడే తెలిసింది. తెలిసేసరికి మా బిడ్డ పెళ్లి దగ్గర పడింది.

నిరుడు ఫిబ్రవరిలో సప్పుడు మొదలైంది. ముందు ఎడమ దిక్కు "టక్" అని ఒకటి. రోడ్డు మీద పోతుంటే లేదు. ఇంటి ముందు స్టీరింగ్ పూర్తిగ తిప్పి మళ్లించేటప్పుడు, కొట్టం గడప దాటేటప్పుడు, అంతే. ఈ కారు ఎద్దుల బండి తిరిగినంత జాగలో తిరుగుతది, ఇరవై అయిదు అడుగులు చాలు. నాయినకు అదొక గర్వం. ఎవరన్నా చుట్టాలొస్తే వాకిట్లనే ఒక సుట్టు తిప్పి చూపిస్తాడు. అట్ల తిప్పినప్పుడే "టక్".

మే నెలలో పెళ్లి. అప్పగింతలప్పుడు మనవరాలు తన కారులోనే పోవాలని నాయిన ఎప్పుడో చెప్పి పెట్టుకున్నాడు. ఎనభై నాలుగేండ్ల మనిషి, ఆయన అడిగేది అదొక్కటే. ఫంక్షన్ హాలు హైవే మీద, పట్టుమని ఆరు కిలోమీటర్లు లేదు. సప్పుడు ఒక్కటి బాగు చేయించమన్నాడు.

ఒక షెడ్డుకు తీసుకపోయినం. పేరు రాయను, మంచి పిల్లలే. బండి ఒకసారి ఊపి "షాకప్‌లు పోయినయి" అన్నారు. అసలైనవి దొరకవు కాబట్టి వేరే బండివి చూసి సదిరి వేశారు. వారం బాగుంది. మళ్లా "టక్". ఈసారి రబ్బర్ బుష్‌లు అన్నారు. అవీ వేయించాం. రెండు సార్లు కలిపి పదకొండు వేలు. మూడోసారి పోతే ఆ పిల్లగాడు టీ తాగుతూ, "పాత బండి పటేలా, ఊకెనే సప్పుడు చేస్తది, ఏం కాదు" అన్నాడు.

నాకు అక్కడే గుచ్చుకుంది. ఇనుము ఊకెనే సప్పుడు చేయదు. రెండు ముక్కల మధ్య ఉండాల్సినదానికన్నా ఎక్కువ సందు ఉంటేనే కొట్టుకుంటది. ఎద్దు కుంటితే "ముసలిది, ఊకెనే కుంటుతది" అంటామా? గిట్ట ఎత్తి చూస్తాం కదా.

పెళ్లికి ఇంకా తొమ్మిది రోజులుంది. నేనే చూద్దామని కూర్చున్నా. ఇరవై ఏండ్లు ట్రాక్టర్ నేనే విప్పి బిగించుకున్న అనుభవం ఉంది. కారుతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ట్రంకు పెట్టెలో ఉంటే తీశా. మా చిన్నోడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాణ్ని పక్కన పెట్టుకున్నా.

ముందు నడిపి విన్నాం. వాడు నడుపుతుంటే నేను పక్కన నడిచా, తర్వాత నేను నడిపితే వాడు నడిచాడు. లోపల కూర్చుంటే సప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో తెల్వదు, రేకు మొత్తం డప్పులెక్క మోగుతది. బయట నడుస్తూ వింటే కింది నుంచా, పై నుంచా తెలుస్తది. ఏ సప్పుడు ఎప్పుడు వస్తుందో రాసుకోవాలి. చిన్న గులకరాళ్ల మీద మెల్లగ పోతే గలగల వచ్చిందంటే అరిగిన రబ్బర్లో వదులైన నట్టో ఉంటది. ఇప్పటి కార్లలో అయితే స్టెబిలైజర్ లింక్ రాడ్‌ను మొదట అనుమానించాలి. "కిర్ కిర్" అంటే రబ్బరు ఎండి ఇనుముకు రాసుకుంటున్నట్టు. సబ్బు నీళ్లు చల్లి చూడండి, కాసేపు ఆగిపోతే అదే. బ్రేక్ కొట్టగానే ఒక్కటే "ధన్" అంటే ఆర్మ్ బుష్‌లు. వేగం పెరిగేకొద్దీ గుయ్ మని పెరిగి, మలుపులో మారితే చక్రం బేరింగ్. స్టీరింగ్ తిప్పినప్పుడే, నెమ్మదిగ ఉన్నప్పుడే "టక్" అంటే చక్రం తిరిగే కీలు దగ్గరే ఏదో ఉంది. మాది చివరిది.

అయినా ముందు దొంగ సప్పుళ్లు తీసేశాం. డిక్కీలో జాకీ, స్పానర్లు, నాయిన పాత కొబ్బరికాయ సంచి తీశాం. చక్రాల నట్లు బిగించాం. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు లేస్తది, మొసలి నోరు తెరిచినట్టు. దాని పక్క కొక్కేలు వదులైతే అచ్చం సస్పెన్షన్ లెక్కనే టకటక కొడతయి. తాడుతో గట్టిగ కట్టి నడిపాం. సప్పుడు పోలేదు. సరే, బానెట్ కాదు.

ఈ కారుకు ఒక సుఖం ఉంది. ఆ బానెట్ లేపితే ముందు సస్పెన్షన్ మొత్తం కండ్ల ముందే ఉంటది. టైర్ మీదనే కూర్చుని పని చేయొచ్చు. పైన ఒక చేయి, కింద ఒక చేయి. రెండు చేతుల మధ్య చక్రాన్ని మోసే నిలువు ముక్క. పై చేతికి బాల్ జాయింట్‌తో కలుస్తది. కింద మాత్రం ఇప్పటి కార్లలాగ బాల్ జాయింట్ కాదు. నిలువు ముక్క కింది కొసకు మరలుంటయి, అది ఒక ఇత్తడి గుల్లలో స్క్రూ లెక్క దిగి ఉంటది. ఆ గుల్లను ట్రనియన్ అంటారు. స్టీరింగ్ తిప్పితే ఆ మర ఇత్తడిలో కొద్దిగ తిరుగుతది. కారు ముందు బరువు మోసేది, తిరిగేది ఆ మర మీదనే.

జాకీ పెట్టాం. ఇక్కడ ఒక మాట: జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు. మేము వేప దుంగలు రెండు పెట్టాం. జాకీని ఛాసిస్‌కు కాకుండా కింది చేతికి పెడితే స్ప్రింగు బరువు కీలు మీద ఉండదు, ఉన్న వదులు బయటపడుతది.

చక్రాన్ని గడియారం మూడు, తొమ్మిది దగ్గర పట్టుకుని ఊపితే టై రాడ్, స్టీరింగ్ వైపు ఆట తెలుస్తది. అక్కడేమీ లేదు. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపినా. ఆడింది. ఇక్కడే చాలామంది "బేరింగ్" అని తేల్చేస్తారు, హబ్ నట్టు బిగించి పంపిస్తారు. ఒక్క నిమిషం ఆగాలి. చిన్నోణ్ని బ్రేకు గట్టిగ తొక్కి పట్టుకొమ్మన్నా. బ్రేకు తొక్కితే హబ్బూ వెనక ప్లేటూ ఒకటైతయి, బేరింగ్ ఆట మాయమైతది. అప్పుడు కూడా చక్రం ఆడుతుందంటే తప్పు బేరింగ్‌ది కాదు, దాని వెనక కీలుది. బ్రేకు తొక్కి ఉంటే కూడా ఆడింది. చిన్నోడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, ఈ ఉపాయం వాళ్ల కాలేజీల చెప్పలేదంట.

పై బాల్ జాయింట్ మీద వేలు పెట్టి ఊపిన, కదలిక లేదు. కింద ఇత్తడి గుల్ల మీద వేలు పెట్టి ఊపిన. వేలికి తగిలింది. పెద్ద స్క్రూ డ్రైవర్ కొస గుల్లకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని స్టీరింగ్ తిప్పమన్నా. "టక్". చెవిలో సుత్తి పెట్టి కొట్టినట్టు.

విప్పాం. ఎడమ దానికీ కుడి దానికీ మరలు వేరే దిక్కు తిరుగుతయి, కాబట్టి ఒకదాని జాగల ఇంకోటి పెట్టే పని లేదు. స్ప్రింగు షాకప్ మీదనే బిగించి ఉంటది కనక కొంత నయం. స్ప్రింగు విడిగా విప్పాల్సి వస్తే మాత్రం పట్టి ఉంచే క్లాంపులు లేకుండ ముట్టొద్దు, మొహం పగులుతది.

నిలువు ముక్క బయటికొచ్చాక చూస్తే కింద మరల్లో నల్లటి మైనం. గోరుతో గీకితే పెచ్చులు లేచే గ్రీజు. ఏండ్ల తరబడిది. పై మరలకు మాత్రం గ్రీజు చేరలేదు. అక్కడ ఎర్రటి తుప్పు, నీళ్లు దూరిన జాడ. మర మొదలయ్యే చోట గుంతలు గుంతలుగ తిన్నది.

తుప్పు చూసినంక నాకు పగులు అనుమానం వచ్చింది. కంటికి కనపడలేదు. మా పెద్దనాయన నాగలి కర్రుకు చేసే పద్ధతి గుర్తొచ్చింది. ముక్కను శుభ్రంగ తుడిచి కిరోసిన్‌ల నానబెట్టాలి. ఇప్పుడు కిరోసిన్ ఎక్కడిది, డీజిల్‌ల పెట్టినం ఒక రాత్రి. పొద్దున తీసి పొడిగుడ్డతో మొత్తం తుడిచి, పైన సుద్ద పొడి రుద్దినం. పగులు ఉంటే లోపల ఇంకిన డీజిల్ మెల్లగ బయటికొచ్చి సుద్ద మీద గీత పడుతది. గంట తర్వాత చూస్తే మర మొదలు దగ్గర, సగం చుట్టూ, వెంట్రుకంత సన్నని తడి గీత.

అది చూసి నేను కొట్టంలనే కూర్చుండిపోయిన. చిన్నోడు "ఏమైంది నాయినా" అంటే మాట రాలేదు. ఈ కార్లలో ఆ ముక్క అక్కడే తెగుతది. తెగితే చక్రం కిందికి మడుచుకుపోతది. మెల్లగ స్టీరింగ్ పూర్తిగ తిప్పేటప్పుడే తెగిన సందర్భాలు ఎక్కువ, ఎందుకంటే మర మీద మెలి అప్పుడే ఎక్కువ. మనకు అదృష్టమైతే వాకిట్లో తెగుతది. లేకపోతే విజయవాడ హైవే మీద, బత్తాయి లారీల మధ్యల, వెనక సీట్లో పెండ్లి కూతురు ఉండగ.

కారు పెండ్లికి పోదని నాయినకు చెప్పిన. పగిలిన ముక్క చేతిల పెట్టి చూపించిన. ఆయన సుద్ద మీద గీతను వేలితో తడిమి చూసి ఏమీ అనలేదు. మా బిడ్డ కిరాయి కారులో పోయింది. నాయిన ఫంక్షన్ హాలు మెట్ల మీద నిలబడి చేయి ఊపాడు. తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కోపం నా మీద కాదు, నాకు తెలుసు.

అసలు ముచ్చట ఇప్పుడు. పుస్తకంలో సంబంధిత పేజీ చిన్నోడు చదివి చెప్పాడు. ఆ ఇత్తడి గుల్లకు గ్రీజు పెట్టమని రాసిలేదు. గేర్ ఆయిల్ పెట్టమని ఉంది, మనం డిఫరెన్షియల్‌ల పోసే తొంభై నంబర్ లాంటి చిక్కటి నూనె. గుల్లకున్న చిన్న బిరడా తీసి, నిప్పుల్ బిగించి, గన్నుతో నూనె ఎక్కించాలి. పైన సీలు దగ్గర నూనె ఊరేదాకా.

నాయిన నలభై ఏండ్లు దానికి గ్రీజు కొట్టాడు. ప్రతి దసరాకు, ఆయుధ పూజకు ముందు రోజు. బండి కడిగి, బొట్లు పెట్టి, గ్రీజు గన్ను తీసుకుని బొక్కబోర్లా పడుకుని ఒక్కొక్క నిప్పుల్‌కు కొట్టేవాడు. ట్రాక్టర్‌కు ఎట్లనో దీనికీ అట్లనే. మేము చిన్నప్పుడు గుడ్డ పట్టుకుని పక్కన కూర్చునేటోళ్లం. పాత గ్రీజు బయటికొస్తే "చూడు, మురికి ఎట్ల వస్తుందో" అనేవాడు. ఎద్దుల బండి ఇరుసుకు ఆముదం, బూడిద కలిపి కందెన పెట్టినోడు. రాసుకునే చోట కందెన పెట్టుడు ఆయనకు పూజతో సమానం.

ట్రాక్టర్ కింగ్ పిన్‌కు గ్రీజు సరే. అక్కడ గుండ్రటి పిన్ను బుష్‌ల తిరుగుతది, కొత్త గ్రీజు కొడితే పాతది బయటికి పోతది. ఇది మర. అటు కొంచెం, ఇటు కొంచెం తిరుగుతది, పూర్తి సుట్టు ఎన్నడూ తిరగదు. గ్రీజు కింద గుంతలోనే కూర్చుంటది, పై మరలకు ఎక్కదు. ఏండ్లు గడిస్తే గట్టిపడి మైనమైతది. దాని వెనక చేరిన నీళ్లు బయటికి పోవు. నూనె అయితే మరల వెంబడి పాకుతది. అంటే గ్రీజు కొట్టినంతసేపు పైకి అంతా మంచిగనే కనపడుతది, లోపల ఇనుము ఎండిపోతది. ఏమీ పెట్టకపోతే బండి ఎప్పుడో అరిచి చెప్పేదేమో.

ఈ సంగతి నాయినకు ఎట్ల చెప్పాలి? చెప్పలేదు. పాత బండి కదా, ఇనుము పాతబడ్డదని ఊరుకున్నా. షెడ్డు పిల్లగాడు నాతో అన్న మాటనే నేను నాయినతో అన్నా.

ముక్కలు దొరుకుడు ఇంకో కథ. చెన్నై పుదుపేటలో అడిగిస్తే పాతవి ఉన్నాయన్నారు, కానీ పాతదానికి పగులు లేదని ఎవరు చెప్పాలి? ఇంగ్లండ్‌ల స్పిట్‌ఫైర్‌లు నడిపేటోళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి కొత్తవి తయారవుతూనే ఉన్నయి. మా చెల్లె కొడుకు అక్కడ చదువుకుంటున్నాడు. ఆగస్టులో వచ్చేటప్పుడు రెండు దిక్కులకూ ముక్కలు, ఇత్తడి గుల్లలు, నైలాన్ బుష్‌లు సంచిల తెచ్చాడు. బరువుకు చాక్లెట్లు తగ్గించుకున్నాడని మా అమ్మ గొణిగింది.

బిగించేటప్పుడు గుల్లను మర మీద చివరిదాకా బిగించి, అక్కడి నుంచి ఒక సుట్టు లోపల వెనక్కి తిప్పి సరైన దిక్కుకు ఆపాలి. లేకపోతే స్టీరింగ్ ఒక దిక్కు పూర్తిగ తిరిగినప్పుడు మర అడుగుకు తాకి మెలిపడుతది. కింది బోల్టు పూర్తి బిగింపు చక్రాలు నేల మీద ఆనినంక, బండి బరువు పడ్డంకనే. గాలిల వేలాడుతుండగ బిగిస్తే రబ్బర్ బుష్ మెలితిరిగి తొందరగ చిరుగుతది. ఈ ఒక్క మాట మీ బొలెరోకు కూడా వర్తిస్తది.

దసరా వచ్చింది. ముందు రోజు పొద్దున నేను లేచేసరికి నాయిన బండి కడిగి ఉన్నాడు. పక్కన పాత గోనె పరిచి ఉంది. చేతిల గ్రీజు గన్ను. కండ్లు సరిగ కనపడవు, నిప్పుల్ ఎక్కడుందో తడుముతున్నాడు.

ఇంక దాచలేకపోయిన. పక్కన కూర్చుని మొత్తం చెప్పిన. పుస్తకంల ఏముందో, మైనం ఎందుకైందో, పగులు ఎందుకొచ్చిందో.

చాలాసేపు గన్ను దిక్కే చూశాడు. తర్వాత, "నలభై ఏండ్లు నేనే పగలగొట్టిన్నా దాన్ని?" అన్నాడు.

"నువ్వు కొట్టకపోతే మిగతా కీళ్లు ఎప్పుడో పోతుండె నాయినా" అన్నా. అది నిజమే, కానీ ఆయన అడిగింది అది కాదు.

"ఆ పుస్తకం ఎప్పటి సంది ఉంది ఇంట్ల?"

"కారుతోనే వచ్చింది."

"ఇంగ్లీషుల ఉంటది మరి" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "నువ్వు చదువుకున్నోనివే కదరా. నలభై ఏండ్లల ఒక్కసారన్న తెరిచి చూస్తివా?"

నా దగ్గర జవాబు లేదు. పదో తరగతిలో ఇంగ్లీషుకు నాకు అరవై మార్కులు. ఆ పుస్తకం మీద నేను గుడ్డ పరిచి కూర్చున్న రోజులున్నయి.

గన్ను విప్పి డీజిల్‌తో కడిగినం. నూనె పోస్తే సందుల్లోంచి కారుతది, అందుకని కింద చిప్ప పెట్టుకోవాలి. నాయిన పట్టుకుంటే నేను నిప్పుల్‌కు ఆనించిన, ఆయన పిడి నొక్కాడు. పైన సీలు దగ్గర నూనె బొట్టు ఊరినంక "చాలు" అన్నా. ఇంకో రెండు సార్లు నొక్కాడు. ఇప్పుడు ఆ గన్ను మీద ఎర్ర పెయింటుతో "కారు" అని రాసి ఉంది, ట్రాక్టర్‌కు వేరేది కొన్నాం. వానకాలం ముందొకసారి, దసరాకొకసారి నూనె.

మీరు కూడా ఈ వారం ట్రాక్టర్ ముందు ఇరుసు లేపి ఒక్కసారి చక్రం ఊపి చూడండి. రెండు చక్రాల డ్రైవ్ బండ్లకు నడిమి పిన్ను బుష్, కింగ్ పిన్ బుష్‌లు, టై రాడ్ కొసలు, హబ్ బేరింగులు, ఈ నాలుగు చోట్ల వేలు పెట్టి ఊపించండి. ఎవరన్న "ఊకెనే సప్పుడు" అంటే ఎక్కడ నుంచి వస్తుందో వేలు పెట్టి చూపించమని అడగండి. బండి పుస్తకం ఇంట్ల ఉంటే, మీకు రాకపోతే పిల్లలతో చదివించండి. ఎక్కడ గ్రీజు, ఎక్కడ నూనె అనేది పట్టీ ఉంటది.

ఈ పోస్టు మా మనవరాలు సాయంత్రం నాయినకు చదివి వినిపిస్తది. ఆయనకు తెలియకుండ రాయలేదు, పొద్దున అడిగే రాసిన. "రాయి, కానీ వాకిట్ల తిప్పేది మల్ల మొదలుపెట్టిన అని కూడ రాయి" అన్నాడు. తిప్పుతున్నాడు. "టక్" లేదు. "కిర్" అని చిన్నది ఒకటి కొత్తగ వస్తుంది, బానెట్ రబ్బరుదే అనుకుంటున్నా. ఆదివారం సబ్బు నీళ్లు చల్లి చూస్తా.